అద్దం ఎక్కడ, మంచు ఎక్కడ?

శ్రోతలకు నమస్కారం.

కంటితో చూడాల్సిన వస్తువు గురించి రేడియోలో మాట్లాడడం కొంచెం సాహసమే. అయినా ఈ పూట నాణేల మెరుపు గురించి చెబుతాను. చేతికందే దూరంలో ఏ నాణెమున్నా తీసుకుని, ఒక దీపం కిందికి వచ్చి కూర్చోండి. నేను చెప్పేది సగం దాంట్లోనే కనిపిస్తుంది.

2014లో అమెరికా టంకశాల నాలుగు వెండి అర డాలర్లను ఒకే పెట్టెలో పెట్టి అమ్మింది. కెనెడీ బొమ్మతో అర డాలర్ మొదట వచ్చింది 1964లో. దానికి 50 ఏళ్ళు నిండిన సందర్భం అది. నాలుగింటిలోనూ 90 శాతం వెండే. నాలుగింటి మీదా అదే ముఖం. తేడా అంతా ఒక చిన్న అక్షరంలోనూ, మెరుపులోనూ ఉంది. ఫిలడెల్ఫియాలో కొట్టినదాని మీద పి అక్షరం, అది ప్రూఫ్. వెస్ట్ పాయింట్‌లో కొట్టినదాని మీద డబ్ల్యూ, అది రివర్స్ ప్రూఫ్. డెన్వర్‌ది డి, అన్‌సర్క్యులేటెడ్. శాన్ ఫ్రాన్సిస్కోది ఎస్, ఎన్‌హాన్స్‌డ్ అన్‌సర్క్యులేటెడ్. ఈ రకాలనే సేకరించేవాళ్ళు ఫినిష్ అంటారు. ఆ అక్షరాన్ని వేలితో మూసేసి నాలుగింటినీ పేర్లు పెట్టి పిలవగలిగితే, ఈ విద్య చాలావరకు వచ్చేసినట్టే.

ముందుగా ఒక అపోహ. ప్రూఫ్ అంటే ‘చాలా బాగున్న నాణెం’ అని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రూఫ్ అన్నది నాణెం ఎంత బాగుందో చెప్పే మాట కాదు, దాన్ని ఎలా తయారు చేశారో చెప్పే మాట. పొరపాటున ఎవరో ఒక ప్రూఫ్ నాణేన్ని ఖర్చు పెట్టేశారనుకోండి. అది పదిమంది జేబుల్లో తిరిగి, గీతలు పడి, మెరుపు పోయినా ప్రూఫే. దెబ్బతిన్న ప్రూఫ్, అంతే. అలాగే మామూలు నాణెం ఎంత తళతళలాడినా ప్రూఫ్ అయిపోదు. ఒకప్పుడు కొత్త అచ్చు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి టంకశాలల్లో జాగ్రత్తగా కొట్టిన నాణేలకు ఈ పేరు ఉండేది. తర్వాత వాటి అందం చూసి సేకరించేవాళ్ళ కోసమే కొట్టడం మొదలుపెట్టారు.

ఎలా కొడతారంటే, ముందు ఖాళీ లోహపు బిళ్ళను నునుపుగా మెరుగు పెడతారు. అచ్చులో బొమ్మ చుట్టూ ఉండే చదును భాగాన్ని అద్దంలా పాలిష్ చేస్తారు. బొమ్మ ఉన్న పల్లాన్ని మాత్రం కావాలనే గరుకుగా ఉంచుతారు. ఆ తర్వాత బిళ్ళను ఆ అచ్చుల మధ్య పెట్టి, నిదానంగా, గట్టిగా, కనీసం రెండుసార్లు నొక్కుతారు. అప్పుడు లోహం అచ్చులోని ప్రతి సందులోకీ వెళుతుంది. జుట్టులో పోగు పోగూ విడిగా కనిపిస్తుంది, నాణెం చుట్టూ ఉండే గట్టు అంచు కత్తితో కోసినట్టు నిలబడుతుంది. బొమ్మ చుట్టూ అద్దం, బొమ్మ మీద మంచు పట్టినట్టు తెల్లదనం. అద్దం మీద నోటితో ఊదితే పొగమంచులా పడుతుంది చూడండి, అలాంటి తెలుపు.

ఈ మంచు ఇప్పుడు సులువుగా వస్తోంది కానీ ఒకప్పుడు అంత తేలిక కాదు. అచ్చును ఆమ్లంలో ముంచో, ఇసుక లాంటి రేణువులు కొట్టించో గరుకు తెచ్చేవారు. కొన్ని నాణేలు కొట్టేసరికి ఆ గరుకు అరిగిపోయేది. మొదట కొట్టినవాటికి బొమ్మ తెల్లగా వచ్చేది, వెనక వచ్చినవి మొత్తం అద్దంలాగే ఉండేవి. అందుకే 1950, 60ల నాటి అమెరికన్ ప్రూఫుల్లో బొమ్మ మీద దట్టమైన మంచున్నవి తక్కువ. 1970లలో అచ్చులకు క్రోమియం పూత పూయడం మొదలయ్యాక ఆ గరుకు ఎక్కువ కాలం నిలవసాగింది. ఇప్పుడు లేజర్‌తో ఎక్కడ ఎంత గరుకు కావాలంటే అంత తెస్తున్నారు. బొమ్మకీ అద్దానికీ మధ్య ఈ తేడా బాగా ఉంటే దాన్ని కేమియో అంటారు, మరీ దట్టంగా ఉంటే డీప్ కేమియో.

ఇంతవరకు వింటే ఇక కష్టమేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి ఒకసారి బోల్తా పడ్డాను. ఫొటో చూసి ఒక నాణెం తెప్పించుకున్నాను. ఫొటోలో బొమ్మ నల్లగా, చుట్టూ తెల్లగా ఉంది. రివర్స్ ప్రూఫ్ అని రాసి ఉంది, అంటే ప్రూఫ్‌కు తలకిందులుగా బొమ్మ మీద అద్దం, చుట్టూ మంచు. నేనూ నమ్మేశాను. చేతికొచ్చాక చూస్తే మామూలు ప్రూఫ్. అమ్మినాయన అబద్ధం ఆడాడని ఇప్పటికీ అనుకోను. ఇద్దరినీ దీపం మోసం చేసింది. అద్దానికి సొంత రంగు ఉండదు కదా, ఎదురుగా ఏది ఉంటే దాన్నే చూపిస్తుంది. ఎదురుగా చీకటి గది ఉంటే నాణెం మీది అద్దం నల్లగా కనిపిస్తుంది. తెల్లటి దీపం కాంతి నేరుగా దాని మీద పడి కెమెరాలోకి తిరిగొస్తే అదే అద్దం తెల్లబడిపోతుంది. అప్పుడు మంచు పట్టిన బొమ్మే దాని ముందు నల్లగా తేలుతుంది. ఫొటో తలకిందులవుతుంది, నాణెం కాదు.

కాబట్టి ఏది నలుపు, ఏది తెలుపు అని చూడకండి. ప్రతిబింబం ఎక్కడ కనిపిస్తోందో చూడండి. అచ్చు అక్షరాలున్న కాగితం ఒకటి నాణెం పక్కన నిలబెట్టి, అక్షరాలు ఎక్కడ చదవగలుగుతున్నారో గమనించండి. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో చదవగలిగితే ప్రూఫ్. ఖాళీ జాగా మసగ్గా ఉండి, బొమ్మ బుగ్గల మీద, నుదుటి మీద మెరుపు అద్దంలా జారుతుంటే రివర్స్ ప్రూఫ్. అమెరికా టంకశాల మొదటిసారి రివర్స్ ప్రూఫ్ చేసింది 2006లో, సిల్వర్ ఈగిల్ అనే వెండి నాణేనికి 20 ఏళ్ళు నిండిన సందర్భంలో. దాని మీద ఫిలడెల్ఫియా పి అక్షరం ఉంటుంది. నా మటుకు నాకు రివర్స్ ప్రూఫ్ కంటికి అంత హాయిగా ఉండదు. ముఖమంతా మెరుస్తుంటే పోలికలు సరిగ్గా ఆనవు. ఇష్టపడేవాళ్ళు మాత్రం చాలామందే ఉన్నారు.

ఇప్పుడు మీ చేతిలోని నాణెం సంగతి. అది మరీ అరిగిపోనిదైతే ఒకే దీపం కింద అటూ ఇటూ వంచి చూడండి. సీడీని తిప్పినప్పుడు వెలుగు పట్టీ ఒకటి మధ్యలోంచి అంచుకు బారి గుండ్రంగా తిరుగుతుంది కదా, కొత్త నాణెం మీద కూడా అలాంటి పట్టీయే తిరుగుతుంది. దీన్ని కార్ట్‌వీల్ అంటారు, అంటే బండి చక్రం. ఇది పాలిష్ వల్ల వచ్చింది కాదు. దెబ్బ పడినప్పుడల్లా లోహం మధ్యలోంచి అంచుల వైపు పాకుతుంది. వేల నాణేలు కొట్టేసరికి ఆ పాకుడుకు అచ్చు మీద కంటికానని సన్నటి గాడులు పడతాయి. అవి నాణేల మీదికి ఎక్కుతాయి. ఆ గాడుల మీదే వెలుగు చక్రంలా తిరుగుతుంది. బజారులో తిరగని నాణేన్ని, అంటే అన్‌సర్క్యులేటెడ్‌ను, గుర్తుపట్టే ఆనవాలు ఇదే. చేతులు మారేకొద్దీ ముందు ఎత్తైన చోట్ల, బుగ్గ మీద, చెవి పైన, ఆ చక్రం తెగిపోతుంది. అద్దంలాంటి ప్రూఫ్ మీద ఈ చక్రం అసలు తిరగదు. తిరిగితే అనుమానించాలి.

నాకు అన్నిటికంటే తికమక పెట్టేది బర్నిష్డ్ ఫినిష్. ఖాళీ బిళ్ళలను కొట్టేముందు మెరుగు పెట్టే గుళికలతో కలిపి దొర్లించి నునుపు చేస్తారు. తర్వాత నొక్కితే పట్టులాంటి మెత్తని మెరుపు వస్తుంది, అద్దం రాదు. పెట్టుబడి కోసం కొనే మామూలు సిల్వర్ ఈగిల్‌నూ, బర్నిష్డ్ ఈగిల్‌నూ పక్కపక్కన పెడితే ఒక్క చూపుకి తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. అలాంటప్పుడు సిగ్గుపడకుండా అక్షరం వెతకాలి. 2006లో మొదలైన బర్నిష్డ్ ఈగిల్ మీద వెనకవైపు డబ్ల్యూ ఉంటుంది, అదే ఏటి పెట్టుబడి నాణెం మీద ఏ అక్షరమూ ఉండదు. అయితే ఆ ఏడాది మామూలు ప్రూఫ్ ఈగిల్ మీద కూడా డబ్ల్యూనే. అక్షరం ఒక్కదాన్నే నమ్మితే అక్కడ దెబ్బతింటాం. కన్నూ, అక్షరమూ రెండూ కలిస్తేనే పని.

అమెరికా టంకశాల 2005 నుంచి 2010 దాకా ఏటా అమ్మిన అన్‌సర్క్యులేటెడ్ సెట్లలో శాటిన్ ఫినిష్ వాడింది. అదీ పట్టు మెరుపే. ఎన్‌హాన్స్‌డ్ రకం వేరు. ఒకే నాణెం మీద లేజర్‌తో ఒక చోట దట్టంగా, ఒక చోట పల్చగా మంచు వేసి, ఒకటి రెండు చోట్ల అద్దం వదులుతారు. కెనడాలో స్పెసిమెన్ అని ఇంకొక రకం ఉంది. బొమ్మ వెనక ఖాళీ జాగాలో సన్నటి గీతలు. ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోలేం.

అసలు అద్దమే లేని ప్రూఫులూ ఉన్నాయి. 1909 నుంచి 1916 దాకా అమెరికా కొట్టిన లింకన్ సెంట్ ప్రూఫులు మ్యాట్ రకం, అంటే అంతా సన్నటి గరుకే. చూడగానే మామూలు పైసల్లాగే ఉంటాయి. అప్పటి సేకరణకర్తలకు అవి నచ్చలేదు. ఇవాళ వాటిని పట్టుకోవాలంటే మెరుపును వదిలేసి గట్టును చూడాలి. గట్టు బల్లపరుపుగా, మూల పదునుగా, అక్షరాలు నిటారుగా లేచి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

ఇక పాలిష్ చేసి ప్రూఫ్ అని అమ్మే నాణేలు. భూతద్దం పెట్టి ఖాళీ జాగాలోని గీతలు చూడండి. అచ్చుకు పాలిష్ పెట్టినప్పుడు పడ్డ గీతలైతే నాణెం మీద ఉబ్బెత్తుగా ఉంటాయి, బొమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. గుడ్డతో రుద్దిన గీతలైతే లోపలికి దిగి ఉంటాయి, అక్షరం అడ్డొచ్చినా ఆగకుండా దాని మీదుగా సాగుతాయి.

ఈ రెండో రకం గీతలు నా దగ్గర ఒక ప్రూఫ్ మీద ఉన్నాయి. కొన్న కొత్తలో దాని మీద వేలిముద్ర పడిందని కంగారుపడి, మెత్తటి నూలు గుడ్డే కదా అని ఒక్కసారి తుడిచాను. వేలిముద్ర పోయింది. దీపం కిందకి తెచ్చి వంచితే మాత్రం ముఖానికి ఎడమవైపు, నా చేయి కదిలిన దారి అంతా, వెంట్రుకలంత సన్నటి గీతలు ఒకేసారి వెలుగుతాయి.

నమస్కారం.