"ఇంకా" అన్న చోటే కోపమొస్తుంది: మెషీన్ గొంతు, మన జవాబు

(ఆడియో: "మీ కరెంటు బిల్లు ఇంకా కట్టలేదు.")

ఇలాంటి రికార్డు కాల్ విజయనగరంలో ఎత్తినా, ఆమదాలవలసలో ఎత్తినా కొందరు దానికి జవాబిచ్చేస్తారు. ఒకరు "కడతాంలేమ్మా" అంటారు, ఇంకొకరు "నువ్వెవరు అడగడానికి" అంటారు. దీన్ని అమాయకత్వం అంటే నాకు ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు కూడా దానిపట్ల మనిషితో ఉన్నట్టే మర్యాద పాటిస్తారని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధకుడు క్లిఫర్డ్ నాస్ బృందం 1994లోనే చూపించింది. గొంతు వినపడగానే "ఈ మనిషి నన్నేమనుకుంటోంది" అని చెవి లెక్క వేసేస్తుంది. అది మెషీన్ అన్న సంగతి ఆ తర్వాతే.

"దయచేసి", "అండి" తగిలిస్తే మర్యాద వచ్చేస్తుందనుకుంటారు. రాదు. "ఇంకా" ఒక్కటే తీసుకోండి.

(ఆడియో: అదే వాక్యం, రెండు రకాలుగా)

మొదటిదాంట్లో "ఇంకా" పక్క మాటలో కలిసిపోయింది, అది కబురు. రెండోదాంట్లో "కా" సాగింది, పిచ్, అంటే గొంతు స్థాయి, పైకి లేచింది. "ఇంకా లేవలేదా?" అని తెల్లారి తలుపు కొట్టే "ఇంకా" అది. ఒక్క అక్షరం మారలేదు, కానీ నిలదీత అయిపోయింది. చివరి "దు" కూడా అంతే: పొట్టిగా కిందికి దిగితే కబురు, "కట్టలేదూ" అని లేస్తే తప్పుపట్టడం.

మన వైపు ఇక్కడో చిక్కుంది. "రండీ, కూకోండీ" అని చివర సాగదీస్తే మనకది ఆప్యాయత. వార్తలు చదివే గొంతుతో నేర్పిన మెషీన్ "రండి" అని టక్కున తెంపేస్తే ఆఫీసరు పిలిచినట్టుంటుంది. అలాగని "బిల్లు కట్నేదేటి బావూ" అని యాస పెట్టకండి. బాకీ అడిగే గొంతు మన యాసలో వస్తే వెక్కిరించినట్టుంటుంది.

ఇలాంటి కాల్స్ తయారుచేసేది మీరైతే, దిద్దడానికి ఎస్‌ఎస్‌ఎంఎల్ వాడండి. మెషీన్ గొంతు ఎలా పలకాలో ట్యాగులతో చెప్పే పద్ధతి అది, 2004 నుంచీ ఉన్న ప్రమాణమే. "ఇంకా కట్టలేదు" ముక్కకు పిచ్ 5 శాతం తగ్గించి, రేట్ (మాట వేగం) 92 శాతంతో మొదలుపెట్టండి. కాల్ మొదట్లో "నమస్కారం" ఉంటే దాని తర్వాత 300 మిల్లీసెకన్ల బ్రేక్ ఇవ్వండి, "ఇంకా" ముందు మాత్రం వద్దు. ఆగి అన్న "ఇంకా" మళ్లీ నిలదీతే. పెద్దవాళ్లకు అర్థం కావాలని రేట్‌ను 75కి దించేస్తుంటారు. అప్పుడు దీర్ఘాలన్నీ సాగి, చిన్నపిల్లలకు చెప్పినట్టవుతుంది. దానికి బదులు సొమ్ముకి, తేదీకి ముందు కాస్త ఆగేలా చెయ్యండి, చాలు.

కొన్ని గొంతులు పిచ్ ట్యాగును పట్టించుకోవు. అప్పుడు "ఇంకా" తీసేసి వాక్యమే మార్చాలి: "మీ బిల్లు 640 రూపాయలు బాకీ ఉంది."

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. హెడ్‌ఫోన్‌లో విని ఓకే చెయ్యకండి. పాత పద్ధతి ఫోన్ కాల్‌లో 300 నుంచి 3400 హెర్ట్జ్ మాత్రమే వెళ్తుంది, గొంతులో కింది మెత్తదనం పోయి గరుకు మిగులుతుంది. మామూలు ఫోన్‌కే కాల్ చేసి వినండి. హుషారు గొంతు అన్నిచోట్లా పనికిరాదు: 2005లో నాస్ బృందం డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో చూసింది, దిగులుగా ఉన్నవాళ్లకు హుషారు గొంతు వినిపిస్తే ప్రమాదాలు ఎక్కువయ్యాయి. బాకీ కాల్‌కు నెమ్మది గొంతే పెట్టండి.

ఇప్పుడు పాతదీ దిద్దినదీ ఇంట్లో పెద్దవాళ్లకు విడివిడిగా వినిపించండి. దేనికి జవాబు చెప్పేటప్పుడు చివర "అమ్మా" అన్నారో రాసుకోండి.

(ఆడియో: దిద్దిన వాక్యం)