పిల్లల టీకా మోతాదు ఎందుకు తక్కువ?

శ్రోతలకు నమస్కారం.

ఫైజర్ కోవిడ్ టీకా మొదట వచ్చినప్పుడు పెద్దవాళ్ల మోతాదు 30 మైక్రోగ్రాములు. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 10. అంటే మూడో వంతు. పిల్లల బరువు తక్కువ కాబట్టి తగ్గించారని చాలామంది అనుకుంటారు. కాదండీ, బరువు లెక్క కాదు.

ముందు కొద్దిమంది పిల్లలకు 10, 20, 30 మైక్రోగ్రాములు విడివిడిగా ఇచ్చి చూశారు. మోతాదు పెరిగేకొద్దీ జ్వరం, చలి ఎక్కువయ్యాయి. పదితోనే యాంటీబాడీలు బాగా వచ్చాయి. ఎంత బాగా అంటే, పదహారు నుంచి ఇరవై ఐదేళ్ల వాళ్లలో ముప్ఫైతో వచ్చినంత. పిల్లల రోగనిరోధక శక్తి అంత చురుకైనది. అందుకే పదకొండేళ్ల పిల్లవాడు ఎంత బొద్దుగా ఉన్నా పదే ఇచ్చారు. వయసు లెక్క, బరువు కాదు.

తర్వాత 2,268 మంది పిల్లల మీద పరీక్షించారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి ఉత్త ఉప్పునీరు. టీకా వేసుకున్నవాళ్లలో కోవిడ్ వచ్చింది ముగ్గురికి. వాళ్లలో సగం మందే ఉన్న ఉప్పునీటి జట్టులో పదహారు మందికి. అంటే సుమారు 90 శాతం రక్షణ. ఒమిక్రాన్ వచ్చాక ఈ లెక్క నిలవలేదు, నిజమే. సోకకుండా ఆపే శక్తి నెలల్లోనే తగ్గింది. ఆస్పత్రి పాలు కాకుండా కాపాడే శక్తి అంతగా తగ్గలేదు. తల్లిదండ్రులు చూడవలసింది ఈ రెండోదే అని నా అభిప్రాయం.

ఇక భద్రత. రెండు వేల మందిలో చేసిన పరీక్షకు అరుదైన ఇబ్బంది దొరకదు. గుండె కండరం వాపు, మయోకార్డైటిస్, అలాంటిదే. కోట్లమందికి వేశాకే స్పష్టంగా బయటపడింది. ఎక్కువగా పన్నెండేళ్లు దాటిన మగపిల్లల్లో, యువకుల్లో, రెండో డోసు పడిన వారంలోపు. చిన్నపిల్లల్లో ఇంకా అరుదు. రెండు డోసుల మధ్య మూడు వారాల బదులు ఎనిమిది వారాలు ఉంచితే ఈ ముప్పు తగ్గుతుందని తేలింది.

కాబట్టి ఆ వారం కనిపెట్టి ఉండండి. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ మామూలు కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి టీకా ఏ తేదీన వేయించారో చెప్పండి. ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. ఎక్కువమంది కోలుకుంటారు. కానీ వాపు ఉందని తేలితే, డాక్టరు సరేననే దాకా, అంటే కొన్ని నెలల పాటు, పరుగులు, ఆటలు మాన్పించాలి. నొప్పి పోయింది కదా అని ముందే మైదానానికి పంపకండి.