పెళ్లికూతురి మెడ చూశాకే సీసా మూత తీయండి

(తెనాలిలో బ్యుటీషియన్ శిక్షణ పూర్తిచేసుకున్న మహిళలకు ధ్రువపత్రాలు అందజేసిన సభలో చేసిన ప్రసంగం)

గౌరవనీయులైన సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, రుణాల విషయంలో ఈ అమ్మాయిలకు అండగా నిలిచిన బ్యాంకు అధికారులకు, ఓపికగా నేర్పిన ఉపాధ్యాయినులకు, ఇంటి పని ముగించుకుని, పసిపిల్లలను అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో వదిలి వచ్చి ఈ విద్య నేర్చుకున్న నా చెల్లెళ్లకు నమస్కారాలు. నన్ను స్వయం ఉపాధి గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే మనిషిని. వచ్చే మాఘమాసం ముహూర్తాలకు మీలో చాలామంది మొదటిసారి సొంతంగా బ్రష్ పట్టబోతున్నారు. అంతకుముందే లిక్విడ్ ఫౌండేషన్ షేడ్ ఎంచుకోవడం గురించి మీతో మాట్లాడితీరాలన్న పట్టుదలతో వచ్చాను.

ముందు ఒక మాట స్థిరపరచుకుందాం. ముఖంలో అక్కడక్కడా తేడాగా ఉన్న రంగును ఒక్క తీరుకు తేవడమే ఫౌండేషన్ పని. మన ఆడపిల్లల్లో చాలామందికి నుదురు ఒక రంగులో, బుగ్గలు ఒక రంగులో, నోటి చుట్టూ మరికాస్త ముదురుగా ఉంటాయి. ఎండలో తిరిగేవారికి, కాన్పయినవారికి బుగ్గలమీద మంగు మచ్చలు కూడా ఉండవచ్చు. వీటిలో ఆ అమ్మాయి అసలు రంగు ఏది అని అడిగితే ముఖం సరైన జవాబు చెప్పలేదు. మెడ చెబుతుంది, మెడ కింద ఛాతీ పైభాగం చెబుతుంది. పెళ్లిలో పట్టుచీర, నగలు, పూలదండ అన్నీ ఆ మెడ చుట్టే ఉంటాయి కనుక ముఖం వెళ్లి ఆ రంగులో కలవాలి.

షేడ్ చూడటానికి మణికట్టు మీదో, అరచేతి వెనకో రాసుకునే అలవాటు దుకాణాల్లో అందరికీ ఉంది. దయచేసి దాన్ని ఇవాళే మానెయ్యండి. చేతి వెనకభాగం ఎండకు నల్లబడి ఉంటుంది, మణికట్టు లోపలివైపు అసలు ఎండే తగలదు. ముఖం ఈ రెండింటిలా ఉండదు. దగ్గరగా ఉన్న మూడు షేడ్లు తీసుకుని, దవడ ఎముక మీదుగా మెడమీదికి దిగేలా పక్కపక్కనే మూడు సన్నని గీతలు గీయండి. రుద్దకండి. పది, పదిహేను నిమిషాలు ఆగండి. ద్రవంలో ఆవిరయ్యే భాగం పోయి, మిగిలినది చర్మపు జిడ్డుతో కలిసేసరికి రంగు కాస్త ముదురుతుంది. మనవాళ్లు ఆక్సిడైజ్ అయిందనేది దీన్నే. సీసాలో కనిపించిన రంగుతో మీకు పనిలేదు, పావుగంట తరువాత దవడ మీద నిలిచిన రంగే లెక్క. అప్పుడు ఆ అమ్మాయిని కిటికీ దగ్గరికో వరండాలోకో తీసుకెళ్లండి. వెలుతురు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో పసుపు బల్బు వెలుతురు 2700 దగ్గర ఉంటుంది, పగటి వెలుతురు 5500 నుంచి 6500 దాకా ఉంటుంది. అందువల్ల దుకాణంలో బంగారంలా కనిపించిన షేడ్ బయట నారింజ రంగుకు తిరగవచ్చు. పగటి వెలుతురులో మూడు గీతల్లో ఏది కంటికి కనపడకుండా పోయిందో అదే ఆమె షేడ్. రెండు గీతల మధ్య సందేహం మిగిలితే రెండు సీసాలూ కొని కలుపుకోండి; చిన్న ఊళ్లో పనిచేసేవారికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ఇక అండర్‌టోన్, అంటే చర్మపు రంగు అడుగున ఉండే జీర. ముంజేతి నరాలు ఆకుపచ్చగా ఉంటే వామ్, అంటే పసుపు జీర, నీలంగా ఉంటే కూల్, అంటే గులాబీ జీర అని మీకు నేర్పి ఉంటారు. చామనచాయ, అంతకంటే ముదురు రంగు ఉన్నవారిలో ఆ నరాలు సరిగా కనిపించవు, కనిపించినా ఆ పరీక్షను నమ్మలేం. దానికి బదులు గీత తప్పిన తీరును చదవండి. గీత బూడిదలా తేలిందంటే షేడ్ మరీ తెలుపు, లేదా అందులో గులాబీ రంగు ఎక్కువ. నారింజలా మండిందంటే ఎరుపు, పసుపు పాళ్లు మించాయి. లోతు సరిపోయినా ఎక్కడో అతకలేదనిపిస్తే ఆ అమ్మాయి చర్మంలో ఆలివ్ ఛాయ, అంటే కాస్త ఆకుపచ్చ జీర ఉండి ఉండవచ్చు. సీసా మీద అంకెలు చూసి మోసపోకండి. ఒక కంపెనీ అంకె ఇంకో కంపెనీకి వర్తించదు. మ్యాక్ అనే మేకప్ కంపెనీ వారి షేడ్లలో ఎన్‌సీ అన్నవి పసుపు జీర ఉన్న చర్మానికి, ఎన్‌డబ్ల్యూ అన్నవి గులాబీ జీర ఉన్న చర్మానికి వాడతారు. సీ అంటే కూల్ కదా అనుకుని కొన్నవారు సరిగ్గా తిరగబడ్డ షేడ్‌తో ఇంటికి వెళ్తారు.

మన పెళ్లిళ్లలో దీనికి తోడు పసుపు ఒకటి ఉంది. పెళ్లికూతుర్ని చేసిన రోజు నుంచి నలుగులు, మంగళస్నానాలు అయ్యేసరికి మెడ, చేతులు పసుపు పట్టి ఉంటాయి. ముఖానికి తక్కువ రాసి ఉంటారు, పైగా సబ్బుతో కడిగి ఉంటారు. ఆ రోజు షేడ్ చూశారా, లేని పసుపు జీరను ఉందనుకుంటారు. పైగా ముహూర్తం అర్ధరాత్రో తెల్లవారుజామునో ఉంటుంది, మీరు మేకప్‌కు కూర్చునేది కల్యాణమండపం గదిలో ట్యూబులైటు కింద. అందుచేత పసుపు కొట్టడానికి ముందే, పగటిపూట ట్రయల్ చేయండి. చెవి వెనక కొంచెం రాసి, మర్నాటి దాకా దురద, దద్దుర్లు లేవని చూసుకోవడం కూడా అప్పుడే అయిపోతుంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అక్క కూతురి పెళ్లి. అదే ముహూర్తానికి నాకు మరో ఊళ్లో పని ఒప్పుకుని ఉండటంతో మగపెళ్లివారు ఒక పార్లరు వాళ్లను పిలిపించారు. మా పిల్లది నిగనిగలాడే చామనచాయ. ‘వీడియోలో తెల్లగా పడాలి’ అని ఎవరో అన్నారట, రెండు మెట్లు తేలిక షేడ్ వేశారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో తీసిన ఫోటో ఒకటి ఉంది. పెళ్లికొడుకు తలమీద ఆమె చెయ్యి ఉంది, ఆ చేతి పక్కనే ఆమె ముఖం ఉంది. చెయ్యి ఆమెదే. ముఖం మాత్రం సున్నపు బూడిద రంగులో ఉంది. చెవి తమ్మె దగ్గర గోధుమ రంగు గీత, దవడ కింద మరో గీత. బాసికం ఒరుసుకున్న చోట పైపూత లేచిపోయి అసలు రంగు కనిపిస్తోంది. ఆ ఫోటోలో మా పిల్ల చెయ్యి ఎంత అందంగా ఉందో నేను మీకు చెప్పలేను. ముఖానికి ఉండవలసిన రంగు అదే. ఆ ఆల్బమ్ బీరువాలోనే ఉంటుంది, ఆమె ఎవరికీ చూపించదు. అమ్మా, మీ చేతులమీదుగా ఏ ఆడపిల్లకూ ఇలా జరగనివ్వకండి. ఇది నేను మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ బూడిద రంగు ఎక్కడ నుంచి వస్తుందో తెలుసుకోండి. ఏ ఫౌండేషన్ రంగైనా ముఖ్యంగా నాలుగు పొడుల కలయిక: పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు, తెల్లటి టైటానియం డయాక్సైడ్. షేడ్ తేలికయ్యేకొద్దీ తెల్లపొడి పెరుగుతుంది. ముదురు చర్మం మీద ఆ తెల్లపొర పడితే కింది రంగు దానిలోంచి బూడిదగా తేలుతుంది, ఎంత పౌడరు అద్దినా అది పోదు. ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ కోసం, అంటే ఎండ నుంచి కాపాడటానికి, ఇదే పొడి, జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్నా, పైన సిలికా పౌడరు దట్టించినా ఫ్లాష్ పడగానే ముఖం తెల్లగా వెలుగుతుంది. కనుక మేకప్ ముగించగానే ఫోనుతో ఫ్లాష్ ఫోటో ఒకటి తీసి చూడండి. ఫోటోగ్రాఫరు తీశాక చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ తెల్లదనం మోజు కొత్తది కాదు. తెల్లబరుస్తానన్న క్రీము ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్లీ అన్నారు. పేరు మారింది, పెళ్లిచూపుల్లో మాట మారలేదు. 2017లో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ కంపెనీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చినప్పుడు పెద్ద కంపెనీలన్నీ ముదురు షేడ్ల వైపు చూడక తప్పలేదు. అయినా మన జిల్లా పట్టణాల దుకాణాల్లో తేలిక షేడ్లు వరసగా పేర్చి ఉంటాయి, ముదురువి అడిగితే తెప్పిస్తామంటారు. తెప్పించమని అడగండి. మీరందరూ అడిగితే తెప్పిస్తారు.

మా ఊరు నాటకాలకు పేరుపడ్డది కనుక ఇంకొక్క మాట. మా పెదనాన్నగారు పద్యనాటకాలకు మేకప్ చేసేవారు. కృష్ణుడికైనా దుర్యోధనుడికైనా చెవుల వెనకా మెడ వెనకా రంగు అందిందో లేదో చూశాకే నటుణ్ణి లేవనిచ్చేవారు. చివరి వరసలో కూర్చున్నవాడికి ముఖం కనపడాలని నాటకంలో రంగు దట్టంగా వేస్తారు, అది అక్కడ న్యాయం. పెళ్లికూతుర్ని తలంబ్రాల పళ్లెం దూరం నుంచి చూస్తారు. నాటకం నుంచి మనం తీసుకోవలసింది చెవుల వెనకకు కూడా అందే ఆ శ్రద్ధను. ఆ దట్టం మనకు వద్దు.

ఇప్పుడు పూయడం. ముఖం కడిగి, మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకేదాకా ఆగాలి. ఫౌండేషన్‌కు ముందు పూసే ప్రైమర్ సిలికోన్‌దైతే ఫౌండేషనూ సిలికోన్‌దే ఉండాలి, నీటిదైతే నీటిది. రెండూ పొసగకపోతే ఉండలు ఉండలుగా రాలుతుంది. కంటి కింద, నోటి చుట్టూ ముదురుగా ఉన్నచోట ముందుగా ఆ నలుపును తగ్గించే నారింజ రంగు కరెక్టరు పల్చగా అద్దాలి, లేకపోతే ఆ నలుపు ఫౌండేషన్‌లోంచి బూడిదగా పైకి వస్తుంది. సీసా నుంచి నేరుగా ముఖం మీద కొట్టకండి. స్టీలు పలక మీద ఒక పంపు తీసుకోండి, మొత్తం ముఖానికి మొదటి పొర దానితోనే సరిపోవాలి. ముక్కు పక్కల నుంచి మొదలుపెట్టి బయటికి వెళ్లండి. స్పాంజిని నీటిలో ముంచి గట్టిగా పిండి, చెమ్మ మాత్రమే మిగిలాక అద్దండి. లాగకండి, లాగితే కరెక్టరు కదిలిపోతుంది, రంధ్రాల దగ్గర చారలు పడతాయి. బ్రష్ వాడితే బుగ్గల మీది నూగు లేవకుండా పైనుంచి కిందికి నడపండి. ఇంకా కప్పవలసిన మచ్చ ఉంటే ఆ మచ్చ మీదే రెండో పొర వేయండి, ముఖమంతా వేయకండి. మిగిలినది దవడ దాటించి, చెవుల మీదికి, జుట్టు మొదళ్ల దాకా కలపండి.

షేడ్ సరిగ్గా కుదిరితే మెడకు దాదాపు ఏమీ పూయనక్కరలేదు. ఇది చాలా పెద్ద లాభం. పట్టుచీర మార్చి తెల్లటి మధుపర్కాలు కట్టించేటప్పుడు మెడకు పూసిందంతా ఆ నూలు బట్టకు అంటుకుంటుంది. హోమం సెగకు చెమట పోసినప్పుడు టిష్యూతో అద్దండి, దాని మీద మళ్లీ ఫౌండేషన్ వేయకండి. ఒకరికి వాడిన స్పాంజి ఉతికి ఆరనిదే మరొకరికి వాడకండి. మూత తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి. తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే ఏడాదిలో దాన్ని పారేయాలి.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. ఇవాళ ఈ అమ్మాయిలకు ఇచ్చిన కిట్లు నేను తెరిచి చూశాను. అందులో ఉన్న ఫౌండేషన్లు రెండూ తేలిక షేడ్లే. ఈ హాలులో కూర్చున్నవారిలో ఆ రెండూ సరిపోయే ముఖాలు బహు కొద్ది. వచ్చే బ్యాచ్‌కైనా ఒక మధ్యరకం, ఒక ముదురు షేడ్ కొనండి, వాటిని కలుపుకుని పనిచేసే పద్ధతిని పరీక్షలో పెట్టండి. ఆ పరీక్ష కూడా ఏసీ గదిలో కాకుండా పగటిపూట వరండాలో జరపండి. ఈ బ్యాచ్ వాళ్లకు ముదురు షేడ్ సీసాలు నేను తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. ధ్రువపత్రాలు తీసుకున్నాక ఒక్కొక్కరే వచ్చి దవడ మీద గీత గీయించుకుని, సరిపోయినది తీసుకెళ్లండి. నమస్కారం.