ఏడీహెచ్‌డీ ఉన్న ఉద్యోగికి సాయం: గ్రాంటు వేరు, కంపెనీ బాధ్యత వేరు

(పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, ఉద్యోగుల అవసరాలను అంచనా వేసే అసెసర్, ఉద్యోగ చట్టాలు చూసే న్యాయవాది, ఒక పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్)

వ్యాఖ్యాత: నమస్కారం. బ్రిటన్‌లో ఉంటూ, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, పనులు ఒక వరసలో పెట్టుకోలేకపోవడం లాంటి ఇబ్బందులు తెచ్చే మెదడు తీరు) ఉందని పెద్దయ్యాక తెలిసిన తెలుగువాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఇది: "ఉద్యోగంలో సాయానికి ప్రభుత్వమిచ్చే యాక్సెస్ టు వర్క్ గ్రాంటు రావాలంటే వైకల్యం ఎంత శాతం ఉండాలి?" మేడమ్, మీతో మొదలుపెడదాం.

అసెసర్: శాతం అన్న మాటే ఇక్కడ లేదండి. మన దగ్గర సదరం క్యాంపుకెళ్లి, 40 శాతం అని రాయించుకుంటేనే పింఛను. ఆ అలవాటుతో చాలామంది, చేతిలో కాగితం లేదు కదా అని అసలు దరఖాస్తే చేయరు. యాక్సెస్ టు వర్క్ ఇక్కడి డీడబ్ల్యూపీ, అంటే పని, పింఛన్ల శాఖ ఇచ్చే గ్రాంటు, 1994 నుంచి నడుస్తోంది. తిరిగి కట్టక్కర్లేదు, మీ జీతమెంతో చూడరు. డయాగ్నోసిస్ కూడా తప్పనిసరి కాదు; ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లూ అడగొచ్చు. 16 ఏళ్లు నిండి, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో జీతమొచ్చే ఉద్యోగమో సొంత వ్యాపారమో ఉండాలి. 12 వారాల్లో చేరబోతున్నా సరే. ఉత్తర ఐర్లండ్‌కు వేరే ఏర్పాటు ఉంది.

వ్యాఖ్యాత: స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ల సంగతి? వీసా షరతుల్లో 'పబ్లిక్ ఫండ్స్ లేవు', అంటే ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు అని ఉంటుంది కదా సార్.

న్యాయవాది: ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో పబ్లిక్ ఫండ్స్ అంటే ఏవో పేరుపేరునా జాబితా ఇచ్చారు. యూనివర్సల్ క్రెడిట్, పిప్ (వైకల్య భత్యం), చైల్డ్ బెనిఫిట్ లాంటి భత్యాలన్నీ అందులో ఉన్నాయి. యాక్సెస్ టు వర్క్ ఆ జాబితాలో లేదు. అయినా మీ వీసా షరతులు ఒకసారి చదివించుకోండి, అనుమానం పెట్టుకుని తిరగొద్దు. ఇక వివక్షను నిషేధించే 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ అయితే, ఏ వీసా మీద పనిచేస్తున్నా వర్తిస్తుంది. నిజానికి మనవాళ్లు ముందు పట్టుకోవాల్సింది దాన్ని. అందరూ గ్రాంటు వెనకాల పరిగెత్తి చట్టాన్ని వదిలేస్తారు.

వ్యాఖ్యాత: కొంచెం విడమరచండి.

న్యాయవాది: ఆ చట్టంలో సెక్షన్ 20 ప్రకారం, వైకల్యం ఉన్న ఉద్యోగికి సబబైన సర్దుబాట్లు చేయడం యజమాని బాధ్యత. కనీసం 12 నెలలు ఉండే, రోజువారీ పనుల మీద గట్టి ప్రభావం చూపే ఇబ్బంది అయితే ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఏడీహెచ్‌డీ అన్న పేరు చాలదు, ప్రభావం చూపించాలి. "మందు వేసుకుంటే బానే ఉంటున్నావుగా" అని మేనేజర్ అంటే కుదరదు. మందు వేసుకోకపోతే ఎలా ఉంటుందో దాన్నే చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. అయితే మీరు చెప్పకపోతే, కంపెనీకి తెలిసే వీలూ లేకపోతే, ఈ బాధ్యత మొదలే కాదు. అందుకని ఈమెయిల్‌లో చెప్పండి. టీ తాగుతూ మేనేజర్ చెవిన వేసిన మాట ఆర్నెల్ల తర్వాత సాక్ష్యానికి నిలబడదు.

హెచ్‌ఆర్ మేనేజర్: మా వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. "నాకు ఏడీహెచ్‌డీ ఉంది, సాయం చేయండి" అని ఒకే లైను ఈమెయిల్ వస్తే మేం చేసేదేమీ ఉండదు. ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్‌కి పంపిస్తాం, వాళ్లు మూడు పేజీల రిపోర్టు ఇస్తారు, అందులో సగం "వీలును బట్టి ఆలోచించగలరు" అనే మాటలే. అదే, "సోమవారం మీటింగులో నోటితో అప్పగించిన పనుల్లో సగం జారిపోతున్నాయి, మీటింగు అయిన గంటలోపు మూడు లైన్లలో రాసి పంపండి" అని అడిగితే ఆ సాయంత్రమే ఒప్పుకుంటాం. పైసా ఖర్చు లేదు. వారానికి రెండుసార్లు 15 నిమిషాలు మేనేజర్‌తో కూర్చోవడం, నెల గడువును నాలుగు చిన్న గడువులుగా విడగొట్టడం, నడవా పక్కనుంచి కుర్చీ వేరే చోటికి మార్చడం, మీటింగు రికార్డు చేసుకోనివ్వడం, పదింటికి వచ్చి ఆరింటికి వెళ్లనివ్వడం కూడా ఇలాంటివే. వీటికోసం గ్రాంటు వచ్చేదాకా ఆగడమెందుకు?

అసెసర్: ఆగుతున్నారు మరి. పైగా కొన్ని కంపెనీలే "ముందు యాక్సెస్ టు వర్క్ లెటర్ తెండి" అంటున్నాయి.

న్యాయవాది: అది తప్పు. గ్రాంటు రానంత మాత్రాన కంపెనీ బాధ్యత ఆగిపోదు.

వ్యాఖ్యాత: సరే, దరఖాస్తు దగ్గరికి వద్దాం. ఎక్కడ దెబ్బతింటున్నారు?

అసెసర్: ఇబ్బంది ఏంటో చెప్పమనే గడిలో! ఫారం పెద్ద కష్టమేం కాదు. గవ్.యూకే సైట్లోనో ఫోన్లోనో చేయొచ్చు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఆఫీసు చిరునామా, పోస్ట్‌కోడ్, మీ ఉద్యోగం గురించి చెప్పగలిగే మేనేజర్ ఫోనూ ఈమెయిలూ ఉండాలి. సొంత వ్యాపారమైతే పన్ను రిఫరెన్స్ నంబరు అడుగుతారు. తర్వాత, ఇబ్బంది రాయమన్నచోట అందరూ "ఏకాగ్రత కుదరదు, మరచిపోతాను" అని రాసేస్తారు. చదివే అధికారికి దానివల్ల మీ ఉద్యోగంలో ఏం పాడవుతోందో తెలియదు. పని, ఆటంకం, ఫలితం, కావలసిన సాయం, ఈ వరసలో రాయండి. ఉదాహరణకు: "నేను టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తాను. రోజూ సగటున 20 టికెట్లు (పరిష్కరించాల్సిన సమస్యలు) వస్తాయి. ఏది ముందు చేయాలో తేల్చుకోలేక చిన్నవాటితో మొదలుపెడతాను, అత్యవసరమైనవి మధ్యాహ్నం దాటినా మిగిలిపోతాయి. వారానికి నాలుగైదు గంటలు అదనంగా కూర్చోవాల్సొస్తోంది. పొద్దున అరగంట నాతో కూర్చుని ప్రాధాన్యం తేల్చే సపోర్ట్ వర్కర్ కావాలి." ఇది చదివితే అధికారి గంటలు లెక్కేయగలడు. రోజుకు అరగంట అంటే వారానికి రెండున్నర గంటలు, సెలవులు పోను 46 వారాలకు 115 గంటలు. మీ అంచనా మీరే వేసి ఇవ్వండి.

వ్యాఖ్యాత: సపోర్ట్ వర్కర్ అంటే మన పని చేసిపెట్టే మనిషా?

అసెసర్: కాదు, ఆ అపోహతోనే తిరస్కరణలు వస్తాయి. టికెట్ పరిష్కరించాల్సింది మీరే. ఆ మనిషి పక్కన ఉండి రోజు ప్లాను వేయించడం, పని మొదలయ్యేలా చూడటం, మీటింగు నోట్సు సరిచూడటం, గడువులు గుర్తుచేయడం చేస్తారు, వీడియో కాల్లో చేసినా సరే. కోచ్ వేరు. కోచ్ కొన్ని సెషన్లలో పద్ధతులు నేర్పి వెళ్లిపోతారు. రెండూ కావాలంటే రెండింటికీ వేర్వేరు కారణాలు రాయాలి. లేకపోతే కోచింగ్ ఇచ్చాం, చాలు అంటారు.

హెచ్‌ఆర్ మేనేజర్: డబ్బు లెక్క నేను చెప్తాను, మా అకౌంట్స్ వాళ్లకే సరిగ్గా తెలీదు. సపోర్ట్ వర్కర్ ఖర్చులో కంపెనీ వాటా లేదు. వాటా ఉండేది ప్రత్యేక పరికరాలకు, సాఫ్ట్‌వేర్‌కు. ఉద్యోగి చేరి ఆరు వారాలు దాటాక దరఖాస్తు చేస్తేనే అదీనూ. 50 మందిలోపు ఉన్న కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదు. 50 నుంచి 249 మంది ఉంటే మొదటి 500 పౌండ్లు, ఆపైన 10,000 వరకు ఖర్చులో 20 శాతం. 250, ఆపైన ఉంటే మొదటి వెయ్యి, ఆపైన అదే 20 శాతం. మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్, నోట్స్ రికార్డర్ కలిపి 1,800 పౌండ్లు అయ్యాయనుకోండి. మా లాంటి పెద్ద కంపెనీ 1,000కి 160 కలిపి 1,160 కడుతుంది, గ్రాంటు 640 ఇస్తుంది. 120 మంది ఉన్న కంపెనీ అయితే 760 కడుతుంది.

వ్యాఖ్యాత: అంటే కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లు ఆరు వారాల్లోపే పెట్టుకుంటే మంచిది.

హెచ్‌ఆర్ మేనేజర్: నూటికి నూరు పాళ్లు. ప్రొబేషన్లో ఉన్నాం, ఎలా అడగాలి అని ఊరుకుంటారు. చేరే తేదీ ఖాయం కాగానే పెట్టేయండి.

అసెసర్: నాలుగు వారాల్లో చేరబోయేవాళ్ల ఫైలు ముందు చూస్తారు కూడా. మిగతావాళ్లకు నెలల తరబడి పడుతోంది. ఇంకో మాట, మంజూరు కాకముందే కోచ్‌ని కుదుర్చుకుని, హెడ్‌ఫోన్లు కొనేసి, తర్వాత బిల్లు పెడతామంటే చెల్లదు. అసలు హెడ్‌ఫోన్ల లాంటివి ఆఫీసులో ఎవరైనా వాడేవేనని, కంపెనీనే ఇవ్వాలని ఈమధ్య గట్టిగా వెనక్కి పంపుతున్నారు.

హెచ్‌ఆర్ మేనేజర్: మేం మళ్లీ అది గ్రాంటులోనే రావాలంటాం.

న్యాయవాది: వందో రెండొందలో పౌండ్ల హెడ్‌ఫోన్ గురించి మూడు నెలలు ఈమెయిళ్లు నడిపే కంపెనీ ఉద్యోగ వివాదాలు చూసే ట్రిబ్యునల్ ముందు ఎలా కనిపిస్తుందో ఆలోచించుకోండి! ఉద్యోగిని పెర్ఫార్మెన్స్ ప్లాన్‌లో, అంటే గడువిచ్చి పనితీరు మెరుగుపరచుకోమనే ప్లాన్‌లో పెట్టబోతుంటే మరీ జాగ్రత్త. సర్దుబాట్లు అమలు చేసి, కొన్ని వారాలు చూసి, ఆ తర్వాత పనితీరు కొలవాలి. ఉద్యోగులకూ చెప్తున్నా, ప్లాన్ లెటర్ వచ్చిన రోజే, అడిగిన సర్దుబాట్లు ఏవి, ఏవి అమలు కాలేదు అని తేదీలతో జవాబు రాయండి. ట్రిబ్యునల్ గడువు చిన్నది, ముందు ఏకాస్ అనే ఉద్యోగ వివాదాల రాజీ సంస్థలో రాజీ ప్రయత్నం నమోదు చేయాలి.

వ్యాఖ్యాత: గ్రాంటు తిరస్కరిస్తే? లేదా అడిగిన గంటలు సగానికి కోస్తే?

న్యాయవాది: గ్రాంటు నిర్ణయం మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు లేదు. పునఃపరిశీలన అడగొచ్చు, వేరే అధికారి చూస్తారు. "అన్యాయం" అని రాస్తే లాభం లేదు. ఏ పనికి ఎన్ని నిమిషాలు అడిగాం, వాళ్లు ఏది వదిలేశారు అన్నది రాయాలి.

అసెసర్: మంజూరయ్యాకే అసలు తలనొప్పి, ముఖ్యంగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి. సపోర్ట్ వర్కర్‌కు చాలాసార్లు ముందు మీరో కంపెనీయో చెల్లించి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాల్సొస్తుంది. ఇన్వాయిస్‌లో తేదీ, గంటలు, గంటకు రేటు ఉండాలి, మంజూరు లెటర్‌లో ఒప్పుకున్న రేటు మించకూడదు. టైమ్‌షీట్ ఒకరోజు మిస్సయినా క్లెయిమ్ తిరిగిరావచ్చు. అందుకే సపోర్ట్ వర్కర్ చేసే పనుల్లో "నెలాఖరు శుక్రవారం క్లెయిమ్ పత్రాలు సిద్ధం చేయించడం" అని దరఖాస్తులోనే రాసి అడగండి. మంజూరు గరిష్ఠంగా మూడేళ్లు. గడువుకు 12 వారాల ముందు రెన్యువల్ పెట్టాలి. ఆ తేదీ లెటర్ వచ్చిన రోజే మీ క్యాలెండర్లో, మేనేజర్ క్యాలెండర్లో రెండింట్లోనూ వేయించండి.