గొట్టంలో ఒత్తిడి

శ్రోతలకు నమస్కారం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో దాహం వేస్తే కుళాయి తిప్పుతారు, గ్లాసు పడతారు, తాగుతారు. కాచేది లేదు, వడకట్టేది లేదు. ఆ నీళ్లలో క్లోరిన్ కూడా కలపరు. యెమెన్ రాజధాని సనాలో ఎంతోమంది పిల్లలు పసుపురంగు డబ్బా పట్టుకుని వీధి ట్యాంకు దగ్గర వరసలో నిలబడతారు. ఇరవై లీటర్ల డబ్బా. నిండితే ఇరవై కిలోలు. దాన్ని ఇంటిదాకా మోయాలి, మెట్లుంటే మెట్లూ ఎక్కించాలి.

నెదర్లాండ్స్‌లో మనిషికి రోజుకి సుమారు 120, 130 లీటర్లు ఇంట్లో ఖర్చవుతాయి. యుద్ధాలు, విపత్తులు వచ్చిన చోట మనిషికి కనీసం ఇన్ని ఇవ్వాలని సహాయ సంస్థలు పెట్టుకున్న లెక్క 15 లీటర్లు. ఆ పదిహేనూ అందని ఇళ్లు యెమెన్‌లో చాలా ఉన్నాయి.

ఇంతవరకూ మీరు ఊహించగల తేడానే. ఒకటి డబ్బున్న దేశం, ఇంకొకటి పదేళ్లకు పైగా యుద్ధంలో నలిగిన బీద దేశం. ఈ కాస్త సమయంలో నేను చెప్పదలచుకున్నది మాత్రం ఒక్కటే. గొట్టంలో ఒత్తిడి.

భూమిలో పాతిన నీటి గొట్టం ఏ దేశంలోదైనా ఎక్కడో ఒకచోట కారుతుంది. అతుకు వదులవుతుంది, తుప్పు తింటుంది, లారీ బరువుకి బీటేస్తుంది. పంక్చరైన సైకిలు ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి చూస్తారు కదా. గాలి బిగువుగా ఉన్నంతసేపూ కంతలోంచి బుడగలు బయటికి వస్తాయి. గాలి పోయి ట్యూబు మెత్తబడితే అదే కంతలోంచి నీళ్లు లోపలికి దూరతాయి. నీటి గొట్టమూ అంతే. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ మంచినీళ్లు బయటికి కారతాయి, నష్టం నీళ్లదే. ఒత్తిడి పడిపోయిందా, చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. అప్పుడు నష్టం మనుషులది.

ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల గొప్ప ఇక్కడే ఉంది. రైన్ నది నీటిని తెచ్చి, మడ్డి తీసేసి, సముద్రం ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బల్లోకి ఇంకనిస్తారు. కొన్ని నెలలు ఇసుకలో నడిచాక మళ్లీ తోడి, ఓజోన్ పట్టించి, బొగ్గులోంచీ సన్న ఇసుకలోంచీ వడకడతారు. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ నీళ్లలో తిండే మిగలదు. ఇదంతా చేసినా, గొట్టంలో ఒత్తిడి ఒక్క పూట పోతే దండగే. అందుకే పంపు ఆగదు. రాత్రీ పగలూ ఆగదు. ఒక పంపు చెడితే ఇంకొకటి, కరెంటు పోతే జనరేటరు. లీకులు నూటికి ఆరు పాళ్ల కంటే తక్కువ. గొట్టం మరమ్మతు చేస్తే నమూనా పరీక్షకి పంపుతారు, తేడా ఉంటే నీళ్లు కాచుకోమని ఇంటింటికీ చెబుతారు. క్లోరిన్ లేకుండా బతకగలగడానికి ధైర్యం ఇదే.

వాళ్లు పుట్టుకతో ఇంత శుభ్రమైనవాళ్లేమీ కాదు. ఇసుక దిబ్బల నీళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌కి మొదటిసారి వచ్చింది 1853లో. బకెట్టు ఒక సెంటుకి అమ్మేవారు. 1866లో కలరా వచ్చి నెదర్లాండ్స్‌లో వేలమంది పోయారు.

ఇక సనా. సముద్రానికి రెండు కిలోమీటర్లకు పైగా ఎత్తున, కొండల మధ్య ఉన్న నగరం. నది లేదు. తాగే నీరంతా భూగర్భంలోంచి తోడాల్సిందే. ఖాత్ అని, అక్కడ ఆకు నమిలే అలవాటుంది. ఆ తోటలు ఎన్నో ఏళ్లుగా భూగర్భ జలాన్ని పీల్చేస్తున్నాయి. బోర్లు వందల మీటర్ల లోతుకి పోయాయి. యుద్ధానికి ముందే ఊరంతటికీ గొట్టాలు లేవు, ఉన్నచోట కూడా రోజూ వచ్చేవి కావు. అయినా వంతులవారీగా వచ్చేవి.

2014 సెప్టెంబరులో హూతీలు అనే తిరుగుబాటుదారులు సనాని పట్టుకున్నారు. 2015 మార్చిలో సౌదీ అరేబియా ముందుండి నడిపిన దేశాల కూటమి వాళ్ల మీద వైమానిక దాడులు మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో మారిబ్ విద్యుత్ కేంద్రం నుంచి సనాకి వచ్చే కరెంటు తెగిపోయింది. ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా వినండి, ఒక్కొక్క ముడీ ఎలా తెగిందో చెబుతాను.

కరెంటు లేకపోతే బోరు పంపు డీజిల్ జనరేటరు మీద నడవాలి. అంత లోతు నుంచి నీళ్లు లాగడానికి డీజిల్ బాగా తాగుతుంది. సనా వైపుకి డీజిల్ ఎక్కువగా ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న హొదైదా రేవులోంచి రావాలి. 2015 ఆగస్టులో ఆ రేవులోని క్రేన్ల మీద బాంబులు పడ్డాయి. ఓడల తనిఖీలతో సరుకు ఆలస్యమయ్యేది, ధర పెరిగేది. 2016 చివరి నుంచి లక్షలాది ప్రభుత్వ ఉద్యోగులకి జీతాలు సరిగా రాలేదు. చెత్త ఎత్తేవాళ్లు, పంపు నడిపేవాళ్లు, లీకు పూడ్చేవాళ్లు ఆ ఉద్యోగుల్లోనే ఉంటారు. 2017 ఏప్రిల్‌లో సనా మురుగు శుద్ధి వ్యవస్థ నడవక ఆగిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. మంచినీటి గొట్టంలో ఒత్తిడి లేదు. పక్కనే మురుగు పొంగుతోంది. వీధిలో చెత్త, దాని మీద వాన. కలరా అంతకుముందు 2016 అక్టోబరులోనే బయటపడింది, 2017 ఏప్రిల్ చివర మళ్లీ లేచింది. ఆ డిసెంబరు నాటికి అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి. కలరాకి వేళకి ఓఆర్‌ఎస్ ద్రావణం పట్టి, ముదిరినవాళ్లకి సెలైన్ ఎక్కిస్తే నూటికి ఒక్కరు కూడా పోనక్కర్లేదు. ఆ వేళకే అక్కడ ఆసుపత్రికి దారి ఉండదు.

బాంబు గొట్టం మీదే పడనక్కర్లేదు. రేవులో క్రేను మీద పడినా చాలు. 2017 నవంబరులో కూటమి రేవులు మూసేసినప్పుడు హొదైదా, సాదా, తైజ్ నగరాల్లో పంపులకి డీజిల్ లేక మంచినీళ్లు ఆగిపోయాయని రెడ్‌క్రాస్ చెప్పింది.

తర్వాత యెమెన్‌లో సౌర పలకలు బాగా పెరిగాయి. సంతోషమే. కాకపోతే డీజిల్ ఖర్చు లేదు కదా అని పొలాల్లో పొద్దస్తమానం తోడేస్తే, అసలే అడుగంటిన నీరు ఇంకా కిందికి పోతుంది.

యెమెన్ మనకి మరీ దూరమేమీ కాదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల సంతతి ఇవాళ్టికీ హైదరాబాదు బార్కస్‌లో ఉన్నారు. ఒత్తిడి లేని గొట్టం కూడా మనకి దూరం కాదు. 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లలో మురుగు కలిసి కలరా వచ్చింది, ప్రాణాలు పోయాయి. అక్కడ యుద్ధం లేదు. మన ఊళ్లలో చాలాచోట్ల కుళాయి రోజుకి గంట, లేదా రోజు మార్చి రోజు. మిగతా సమయమంతా గొట్టం ఖాళీ.

అందుకని మీ ఇంటి సంగతికి వస్తాను. కుళాయి లైనుకి నేరుగా మోటారు బిగించకండి. మోటారు మీ వాటా నీళ్లని మాత్రమే లాగదు. ఆ లైనులో ఉన్న కాస్త ఒత్తిడినీ పీల్చేస్తుంది, ఎక్కడ అతుకు వదులుంటే అక్కడి నుంచి మురుగుని లాగి వీధి మొత్తానికి పంచుతుంది. కుళాయి నీళ్లు వాటంతట అవే సంపులోకి పడాలి, సంపులోంచి మేడమీది ట్యాంకుకి మోటారు ఎక్కించాలి. గొట్టం చివర సంపు నిండే మట్టం కంటే పైనే ఉండాలి, మునిగితే సంపు నీళ్లు వెనక్కి లైనులోకి పోతాయి. సంపు మూత నేలకంటే ఎత్తులో ఉండాలి.

నీళ్లు వదిలిన మొదటి కొద్ది నిమిషాలు సంపులోకి పట్టకండి. ఖాళీ గొట్టం పీల్చుకున్నదంతా ముందు వచ్చేది అందులోనే. మొక్కలకి పోయండి.

ఊళ్లో విరేచనాలు ఉన్నాయంటే సంపులో బ్లీచింగ్ పౌడరు వేయండి. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. మళ్లీ చెబుతున్నాను, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. ఐదు వేల లీటర్ల సంపుకి పన్నెండున్నర. తూచి వేయండి, గుప్పెడు లెక్క వద్దు. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్టు ముప్పాతిక నిండేలా నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రం సంపులో పోసి బాగా కలిపి, గంట ఆగాక వాడుకోండి. నీళ్లు బురదగా ఉంటే పౌడరులోని క్లోరిన్ ఆ బురదకే ఖర్చయిపోతుంది, ముందు తేర్చాలి. మూతి తెరిచి పెట్టిన పాత పౌడరులో ఘాటు పోయి ఉంటుంది, దానితో పని జరగదు.

పంచాయతీ సిబ్బంది దగ్గర క్లోరోస్కోప్ ఉంటుంది, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని చూసే పరికరం. మీ వీధి చివరి కుళాయి దగ్గర పరీక్షించమని అడగండి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అడిగేటప్పుడే ఇంకొకటి కూడా చూపించండి. మీ ఇంటి కనెక్షన్ గొట్టం పక్కనున్న మురుగు కాలువలో మునిగి వెళుతోందేమో. వెళుతుంటే ప్లంబరుని పిలిచి కాలువ పైనుంచి వేయించండి.

సెలవు. నమస్కారం.