జీడితోటలో గిరినాగు

శ్రోతలకు నమస్కారం.

మాడుగుల, పాడేరు వైపు కొండల అంచున జీడితోటలో, పామాయిల్ తోటలో ఉన్న రైతులకు గిరినాగు పేరు కొత్త కాదు, కానీ దానిని కళ్లారా చూసినవారు తక్కువ. పన్నెండు, పదమూడు అడుగుల పొడవుండి, బెదిరినప్పుడు ఒంటిలో మూడో వంతు నేల నుంచి పైకెత్తి మనిషి నడుము ఎత్తున నిలబడగల ఈ పాము, విషసర్పాలన్నిటిలోకీ పొడవైనది. రాచనాగు అన్నా ఇదే. దీని ముఖ్యాహారం తోటి పాములు. పామాయిల్ గెలలకు ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం జెర్రిపోతు వస్తుంది, జెర్రిపోతు వాసన పట్టుకొని గిరినాగు వస్తుంది. మన మీద పగబట్టి వచ్చిందనే మాటకు ఇందులో చోటే లేదు.

తోటలో అది కనబడితే కేకలు వేయకుండా, కళ్లు దాని మీద నుంచి తిప్పకుండా వెనక్కి అడుగులు వేసి, పిల్లలను, కుక్కలను అవతలకు పంపించాలి. తరువాత అటవీశాఖ రేంజ్ కార్యాలయానికి ఫోన్ చేయాలి. ఆ నంబరు పాము కనబడ్డాక వెదుక్కునేది కాదు, ముందే రాసి పెట్టుకోవలసినది. "పెద్ద పాము వచ్చింది, తొందరగా రండి" అంటే వచ్చేవారికి ఏమీ తెలియదు. ఏ ఊరు, ఎవరి తోట, రోడ్డు ఎంతవరకు ఉంది, పాము సుమారు పొడవెంత, ఒంటి మీద పసుపు పట్టెలున్నాయా, ఏ పుట్టలోకి లేదా ఏ గట్టు కిందికి దూరింది అన్నవి చెప్పాలి. వారు వచ్చేలోగా దూరం నుంచి ఒక్కరు కాపలా ఉంటే చాలు. సెల్‌ఫోన్లతో ఊరంతా చుట్టుముడితే పాముకు పారిపోయే దారి ఉండదు. అప్పుడే అది బుస మాని కుక్క గుర్రుమన్నట్టు లోతైన శబ్దం చేస్తుంది.

కర్ర పట్టుకొనేవారికి ఒక మాట: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణతో గిరినాగు ఒకటవ షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో చేరింది. దానిని చంపితే కనీసం మూడేళ్ల జైలు. చట్టం కన్నా ముందు ప్రాణం సంగతి ఉంది. మన ఆసుపత్రులలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు తయారైనది, గిరినాగు విషానికి కాదు. కాబట్టి కాటు పడితే 108కు ఏ పామో చెప్పి, కృత్రిమ శ్వాస అందించే ఏర్పాటున్న ఆసుపత్రికే నేరుగా చేరాలి.

చివరగా, ఎండుటాకుల కుప్ప. పాములలో ఆకులతో గూడు కట్టేది ఇదొక్కటే. ఆడపాము వానలకు ముందు ఒంటి మెలికలతో ఆకులను దగ్గరకు లాగి, కుప్పలో ఇరవై నుంచి నలభై గుడ్లు పెట్టి, పైన కాపలా ఉంటుంది. సరిగ్గా జీడిగింజలు ఏరేందుకు చెట్ల కింద ఊడ్చే రోజులవి. ఎవరూ పోగు చేయని కుప్ప ఒకటి మోకాలెత్తున కనబడితే చీపురు అక్కడే వదిలేసి, పాము కనబడకపోయినా ఫోన్ చేయాలి. గుడ్లు పొదగడానికి రెండు మూడు నెలలు పడుతుంది; బయటికి వచ్చే మూరెడు పిల్లలకూ పుట్టుకతోనే విషముంటుంది. అవి అడవి దారి పట్టేదాకా ఆ చెట్టు కింది గింజలను ఆ ఏటికి వదులుకోవలసిందే.