డిక్కీలో గొలుసులు

శ్రోతలకు నమస్కారం.

ఫ్రాన్స్ వెళ్ళొచ్చానంటే అందరూ ముందు ఐఫిల్ టవర్ గురించే అడుగుతారు. నేను దాన్ని చూడలేదు. అసలు పారిస్ వైపే వెళ్ళలేదు. ఉన్నదంతా లియోన్‌లో, మా అమ్మాయి ఇంట్లో. అక్కణ్ణుంచి ఓ జనవరిలో మేం నలుగురం, అంటే అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలు, నేను, కారులో ఆల్ప్స్ కొండల్లోకి వెళ్ళాం. ఆ ప్రయాణం గురించే ఈ పది నిమిషాలూ. నిజానికి ప్రయాణం గురించి కూడా కాదు, మంచులో జారకుండా కారు చక్రాలకు తొడిగే రెండు ఇనప గొలుసుల గురించి.

వెళ్ళాల్సిన ఊరు బ్రియాన్సోన్. సముద్రమట్టానికి 1,326 మీటర్ల ఎత్తున, ఇటలీ సరిహద్దు పక్కన ఉంటుంది. అక్కడ ఓ పెద్దావిడ ఉన్నారు. ఒకప్పుడు లియోన్‌లో మా అమ్మాయి వాళ్ళ పక్కింటావిడ. మనవరాలు పుట్టినప్పుడు వీసా చేతికి రాక నేను పురిటికి అందుకోలేకపోయాను. అప్పుడు పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం వేడి సూప్ పట్టుకొచ్చి, బిడ్డకు నీళ్ళు పోసి, నేను చెయ్యాల్సినవన్నీ ఆవిడే చేశారు. పని మానేశాక సొంత ఊరికి వెళ్ళిపోయారు. ఆవిడకి ఓ చీరా, రెండు కిలోల అరిసెలూ ఇచ్చి చేతులు పట్టుకుని రావాలని నాకు ఏడేళ్ళుగా ఉంది. భాష రాదు కదా అంటారేమో. మాది కాకినాడ. గంట దూరంలో యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళదే ఆ ఊరు. అయినా నాకొచ్చింది ‘బోన్‌జూర్’, ‘మెర్సీ’, అంటే నమస్కారం, థాంక్స్. రెండే.

అల్లుడు గురువారం బయల్దేరదామన్నాడు. శనివారం వద్దన్నాడు. అక్కడ కొండల్లో బస గదులు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికి అద్దెకిస్తారు. అందుకని దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ ఆ రోజే రోడ్డు మీద. ఈ రద్దీ చెప్పడానికి అక్కడి ప్రభుత్వానికి ఓ సేవ ఉంది, పేరు ‘బిజోన్ ఫ్యూతే’. జిత్తులమారి అడవిదున్న అని చెప్పుకోవచ్చు. 1976 నుంచి నడుస్తోంది. ఏ రోజు రోడ్డు ఎలా ఉంటుందో ముందే రంగుల్లో చెబుతుంది. ఆకుపచ్చ అయితే హాయి, నారింజ అయితే కష్టం, ఎరుపు అయితే ఇంకా కష్టం, నలుపు అయితే ఇంట్లో కూర్చోవడం మేలు. మన సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ దారికి ఇలాంటి దున్న ఒకటి ఉంటే ఎంత బాగుండునో!

మొదటి రాత్రి గ్రెనోబుల్‌లో మా అన్నయ్య కొడుకు దగ్గర ఆగాం. చదువుకుంటున్నాడు. గదిలో ఒకటే మంచం, దాని మీద నేనూ మనవరాలూ. గోంగూర పచ్చడి సీసా చూసి వాడి మొహం చేటంత అయింది. దాని గురించి ఇంకేం చెప్పను.

మర్నాడు వాడితో మాటల్లో పడి బయల్దేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. బ్రియాన్సోన్ వెళ్ళాలంటే లొతారే కనుమ దాటాలి. ఎత్తు 2,058 మీటర్లు. శీతాకాలంలోనూ తెరిచే ఉంచుతారు గానీ, కొండ మీంచి మంచుచరియలు విరిగిపడే భయం ఉన్నప్పుడు మూసేస్తారు. కనుమ తెరిచి ఉందో మూసి ఉందో కింద దారిలోనే బోర్డు చెబుతుంది. ఆ రోజు తెరిచే ఉంది. బూర్ ద్వాజాన్ అనే ఊరు దాటి ఎక్కడం మొదలుపెట్టాం. చీకటి పడింది. మంచు మొదలైంది.

మన భాషలో మంచు ఒక్కటే మాట. లంబసింగిలో పొద్దున్నే కమ్మేదీ మంచే, గడ్డి మీద తడీ మంచే. ఇది వేరు. దూది ఏకుతున్నట్టు పడుతోంది. చప్పుడు లేదు. వైపర్లు తోసేస్తున్నా అద్దం నిండిపోతోంది. మనవరాలు చప్పట్లు కొడుతోంది, నేను ఆంజనేయ దండకం చదువుతున్నాను.

అప్పుడు హెడ్‌లైట్ల వెలుగులో నీలం రంగు గుండ్రటి బోర్డు కనిపించింది. దాని మీద గొలుసు చుట్టిన చక్రం బొమ్మ. ఇక్కణ్ణుంచి గొలుసులు తొడగనిదే కదలకూడదని దాని అర్థం.

ఇక్కడ కాస్త చట్టం చెప్పాలి, క్లుప్తంగా చెబుతాను. 2021 నుంచి ఫ్రాన్స్‌లో చాలా కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా కారుకు నాలుగు శీతాకాలపు టైర్లయినా ఉండాలి, లేదా డిక్కీలో గొలుసులయినా ఉండాలి. ఇనపవి కాకపోతే గుడ్డ తొడుగులు ఉన్నా సరే. మా కారుకి మామూలు టైర్లే. కానీ డిక్కీలో గొలుసుల పెట్టె ఉంది. “ఉన్నాయి అత్తయ్యా, టెన్షన్ పడకండి” అన్నాడు అల్లుడు. రోడ్డు పక్కన గొలుసులు తొడుక్కోవడానికి వదిలిన జాగాలో కారు ఆపాడు.

పెట్టె ఉంది. ఎక్కడుంది? డిక్కీ అడుగున. దాని మీద రెండు సూట్‌కేసులు, అరిసెల డబ్బా, పచ్చడి సీసాలు, మనవరాలి బొమ్మలు. అన్నీ తీసి మంచులో పెట్టాం. టార్చి నేను పట్టుకున్నాను. అల్లుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఉన్ని చేతిగ్లౌజులు రెండు నిమిషాల్లో తడిసి ముద్దయ్యాయి. పెట్టెలో కాగితం మీద అన్నీ బొమ్మలే, ఒక్క అక్షరం లేదు. చక్రం వెనక నుంచి చుట్టి ముందు కొక్కెం తగిలించాలి. లాగాడు. అందలేదు. ఇంకా లాగాడు. రెండు వేళ్ళ వెడల్పు తక్కువ. విప్పి మళ్ళీ చుట్టాడు. మళ్ళీ అదే రెండు వేళ్ళు. ముప్పావు గంట!

పసుపు జాకెట్ వేసుకున్న ఒకావిడ వచ్చింది. రోడ్డు మీద మంచు తోసే పనిలో ఉన్నావిడలా ఉంది. వంగి మా టైరు మీది మంచు చేత్తో తుడిచింది. అక్కడ అంకెలున్నాయి. తర్వాత గొలుసుల పెట్టె తిప్పి, దాని మీది అంకెలు చూపించింది. రెండూ వేరు. అప్పుడు మా అమ్మాయి నెమ్మదిగా అంది, “ఏమండీ, ఇవి పాత కారువి కదూ?”

కిందటేడు కారు మార్చారు. గొలుసులు మార్చలేదు.

అల్లుణ్ణి ఏమన్నా అనాలని నాకు నోటిదాకా వచ్చింది. అతని చేతులు చూసి ఊరుకున్నాను. సామానంతా మళ్ళీ సర్ది, ఆవిడ దగ్గరుండి కారు వెనక్కి తిప్పిస్తే, నడక కన్నా నెమ్మదిగా కిందికి దిగి బూర్ ద్వాజాన్ చేరాం. ఓ చిన్న హోటల్లో గది దొరికింది. రాత్రి తొమ్మిదింటికి మంచం మీద న్యూస్‌పేపరు పరిచి పులిహోర తిన్నాం. అంత రుచైన పులిహోర నేను మళ్ళీ చెయ్యలేకపోయాను.

పొద్దున్నే దుకాణానికి వెళ్ళాం. ఇప్పుడు అసలు సంగతి, మీ పిల్లలు ఆ దేశాల్లో ఉంటే కాస్త వినండి. టైరు పక్కన అంకెలుంటాయి. మాది 205, తర్వాత 55, తర్వాత ఆర్ 16. ఆ మూడూ గొలుసుల పెట్టె మీద కూడా ఉండాలి. ఫోన్లో ఓ ఫొటో తీసుకుని వెళ్ళండి. కారు మారితే గొలుసులు మార్చండి. అద్దె కారయితే తాళం చేతికి తీసుకునే ముందే డిక్కీ తెరిపించి చూడండి. గొలుసులు ఇంజను తిప్పే చక్రాలకే తొడగాలి. చిన్న కార్లకు ఎక్కువగా అవి ముందు చక్రాలు. తొడిగాక గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు.

దుకాణం కుర్రాడు డబ్బు తీసుకుని పంపెయ్యలేదు. బయటికొచ్చి, పొడిగా ఉన్న నేల మీద, మా కారుకే ఒకసారి తొడిగి చూపించాడు. విప్పేసి, ఇప్పుడు నువ్వు తొడుగు అన్నాడు అల్లుడితో. నాతో కూడా తొడిగించాడు! పగటి వెలుగులో, పొడి నేల మీద, తొందర లేకుండా. మేం చెయ్యాల్సింది అదే, ఇంటి ముందే, నెల ముందే. మళ్ళీ ఆ నీలం బోర్డు దగ్గరికి వెళ్ళాక పన్నెండు నిమిషాల్లో రెండు చక్రాలకీ తొడిగేశాం. ఈసారి పెట్టె అన్నింటికన్నా పైన ఉంది, రబ్బరు గ్లౌజులు దాని మీద.

శనివారం వద్దనుకున్నాం కదా, ఎక్కింది శనివారమే. అడవిదున్న మాట విన్నా గొలుసుల మాట వినకపోతే అంతే మరి. అయితే పగలు కాబట్టి లా గ్రావ్ అనే ఊరి దగ్గర మెజ్ శిఖరం కనిపించింది. 3,983 మీటర్లు. ఎండలో అది మెరుస్తుంటే కారులో ఎవరం మాట్లాడలేదు.

పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. చీర ఇచ్చాను. ‘మెర్సీ’ అన్నాను. ఆవిడ నా బుగ్గకు బుగ్గ ఆనించి తెలుగులో “బాగున్నావా” అన్నారు. మా అమ్మాయి ఎప్పుడో నేర్పిందట. నాకు ఇంకో మాట రాలేదు, ఏ భాషలోనూ.

సాయంత్రం గాలెట్ కోశారు. జనవరిలో అక్కడ ఇంటింటా తింటారు, పొరలు పొరలుగా బాదం ముద్ద పెట్టిన గుండ్రటి రొట్టె. లోపల ఎక్కడో చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి కిరీటం. పక్షపాతం లేకుండా ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు బల్ల కింద దూరి, ఏ ముక్క ఎవరికో చెప్పాలి. మా మనవరాలు బల్ల కింద నుంచి “ఇది అమ్మమ్మకి!” అని అరిచింది. బొమ్మ నాకే వచ్చింది. దొంగ పిల్ల పైకి చూసిందనే నా అనుమానం.

ఇంతలో అల్లుడు గొలుసులు లోపలికి తెచ్చాడు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు గొలుసులకి పట్టి ఉంది. ఊరగాయలు పెట్టే చెయ్యి కదా నాది, ఉప్పు ఇనుముని ఏం చేస్తుందో నాకొకరు చెప్పక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి గానీ పెట్టెలో పెట్టకూడదు. ఆవిడ స్నానాల తొట్టిలో వేసి తోముతూ కూర్చున్నాను. వద్దు వద్దంటూ వెనకే వచ్చిన ఆవిడ గుమ్మంలో ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అద్దంలో చూసుకుంటే నా తల మీద బంగారు రంగు అట్ట కిరీటం ఇంకా అలాగే ఉంది.